ప్రొటీన్ స్కిమ్మర్ సెట్టింగ్: వాల్వ్ ముట్టుకునే ముందు చూడాల్సినవి, ఆ తర్వాత చేయాల్సినవి

ఉప్పునీటి చేపల ట్యాంక్ పెట్టినవాళ్లు స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురుగుగా తీసి కప్పులో పడేసే పరికరం) గురించి అడిగేవి రెండే. "కప్పులో ఏమీ పడటం లేదు" అనేది ఒకటి. "తెల్లారి లేచి చూస్తే కప్పు పొంగి, తీసిన మురికంతా మళ్లీ సంప్‌లోనే కలిసిపోయింది" అనేది రెండోది. సంప్ అంటే ఇక్కడ ట్యాంక్ కింద ఉండే వడపోత తొట్టి. రెండిటికీ అందరూ చేసే పని ఒకటే, స్కిమ్మర్ నుంచి నీరు బయటికి పోయే దారిలోని వాల్వ్ తిప్పడం. ఫలితం రాకపోతే ఇంకాస్త తిప్పుతారు. సాయంత్రానికి అది మొదట ఎక్కడుందో కూడా గుర్తుండదు.

చాలాసార్లు తప్పు వాల్వ్‌ది కాదు. సంప్‌లో నీటి మట్టం మారి ఉంటుంది, గాలి పైపు మూసుకుపోయి ఉంటుంది, కరెంటు పోయి వచ్చి ఉంటుంది, లేదా నిన్న నీళ్లలో ఏదో మందు పోసి ఉంటారు. అందుకే కింద రాసినదాంట్లో సగం వాల్వ్ ముట్టుకోకముందు పనులే. సంప్‌లో నిలబెట్టే, నీడిల్ వీల్ (గాలిని చిదిపే సన్నటి పళ్ల చక్రం) పంపు ఉన్న స్కిమ్మర్ మీ దగ్గర ఉందనుకుని రాస్తున్నాను. ట్యాంక్ వెనక తగిలించే రకానికి సంప్ విషయాలు వర్తించవు, మిగతావన్నీ వర్తిస్తాయి.

1. లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో

పంపు గాలిని పీల్చి, సన్నటి బుడగలుగా చిదిపి నీళ్లలోకి వదులుతుంది. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిన మేత నుంచి వచ్చే ప్రొటీన్లు, జిడ్డు పదార్థాలు ఆ బుడగలకు అంటుకుని పైకి వస్తాయి. కప్పు కిందుండే మెడ భాగంలో నీరు కిందికి జారిపోతుంది, నురుగు మాత్రం పైకెక్కి కప్పులో పడుతుంది.

వాల్వ్ మూస్తే బయటికి పోయే నీరు తగ్గి, లోపలి మట్టం పెరుగుతుంది. నురుగు పల్చగా, తడిగా, ఎక్కువగా వస్తుంది. వాల్వ్ తెరిస్తే మట్టం దిగి, నురుగు చిక్కగా, పొడిగా, తక్కువగా వస్తుంది. కొన్ని మోడళ్లలో వాల్వ్ బదులు తిప్పే గొట్టం ఉంటుంది. దాని పనీ ఇదే.

కొన్న రోజే బకెట్ మంచినీళ్లలో పెట్టి "నురుగు రావట్లేదు" అని కంగారు పడకండి. మంచినీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, నురుగు నిలవదు. లీకు ఉందా, పంపు తిరుగుతోందా అని చూడటానికి మాత్రమే ఆ పరీక్ష పనికొస్తుంది.

2. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ స్కిమ్మర్‌తో వచ్చిన కాగితం (ఎంత లోతు నీళ్లలో నిలబెట్టాలో అందులో ఉంటుంది)
☐ స్కేలు, పర్మనెంట్ మార్కర్, తెల్ల టేపు
☐ రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచేది)
☐ తెల్ల వినిగర్, బకెట్, పాత టూత్‌బ్రష్, సీసా కడిగే బ్రష్
☐ ఎత్తు పెట్టడానికి పీవీసీ పైపు ముక్కలు
☐ పాత టవల్ (కచ్చితంగా అవసరం పడుతుంది)

వినిగర్‌తో కడిగే పని వంటింటి గట్టు మీద పెట్టుకోవద్దు. మన ఇళ్లలో గట్లు చాలావరకు కడప బండలే. అది సున్నపురాయి జాతి. పుల్లటి నీళ్లు పడిన చోట పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. బాత్రూములో ప్లాస్టిక్ బకెట్‌లో కడుక్కోండి.

3. కొత్త స్కిమ్మర్ అయితే

తయారీలో అంటుకున్న నూనె, జిగురు అవశేషాలు ఉన్నంతకాలం నురుగు సరిగా నిలవదు, లేదా అడ్డదిడ్డంగా పొంగుతుంది. ఒక వంతు వినిగర్‌కు నాలుగైదు వంతుల నీళ్లు కలిపి, అందులో స్కిమ్మర్‌ను ఒక గంట తిప్పండి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు బాగా కడగండి. సబ్బు, పాత్రలు తోమే లిక్విడ్ అసలు వద్దు. వాటి జాడ కొంచెం మిగిలినా రోజుల తరబడి పొంగుతూనే ఉంటుంది.

ఇంత చేసినా కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. అప్పటివరకు వాల్వ్ బాగా తెరిచి, మట్టం తక్కువగా పెట్టి వదిలేయండి. ఈ సమయంలో చేసే సెట్టింగ్ నిలవదు కాబట్టి వాల్వ్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఇంకో మాట. ట్యాంక్‌లో రెండు చిన్న క్లౌన్ ఫిష్‌లే ఉండి, స్కిమ్మర్ మాత్రం దానికి మూడింతల పెద్ద ట్యాంక్‌కు సరిపోయేదైతే, మెడ నిండేంత నురుగు తయారవదు. పెట్టె మీద రాసిన లీటర్ల లెక్క కంటే చేపల సంఖ్య, వేసే మేత చూసి కొనుక్కోవాలి.

4. సంప్‌లో నీటి మట్టం: అసలు సెట్టింగ్ ఇక్కడే

స్కిమ్మర్ లోపలి మట్టం బయట సంప్‌లో ఉన్న మట్టం మీద ఆధారపడి ఉంటుంది. బయట సెంటీమీటరు పెరిగితే లోపలి మట్టం కూడా ఇంచుమించు అంతే లేస్తుంది. కాబట్టి సంప్ మట్టం రోజూ మారుతుంటే, ఏ వాల్వ్ సెట్టింగూ రెండు రోజులు నిలవదు.

స్కిమ్మర్ ఎప్పుడూ, సంప్‌ను గదులుగా విడదీసే అడ్డుగాజు వల్ల మట్టం స్థిరంగా ఉండే గదిలో ఉండాలి. రిటర్న్ పంపు (నీళ్లను మళ్లీ పై ట్యాంక్‌కు ఎక్కించేది) ఉన్న గదిలో పెట్టకూడదు. ఆవిరైపోయిన నీళ్లంతా ఆ గదిలోంచే తగ్గుతాయి.

అడ్డుగాజులు లేని ఒకే గది సంప్ అయితే ఒక చిన్న లెక్క చూడండి. సంప్ 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉంటే, ఒక సెంటీమీటరు మట్టానికి 2.4 లీటర్ల నీళ్లు. అనంతపురం ఎండాకాలంలో, ట్యాంక్ చల్లబడాలని పైన చిన్న ఫ్యాను కూడా పెట్టి ఉంటే, రోజుకు అయిదు లీటర్లు ఆవిరైపోవడం పెద్ద విషయం కాదు. అంటే మట్టం రెండు సెంటీమీటర్లు దిగింది, కప్పు ఎండిపోయింది. సాయంత్రం మీరొచ్చి అయిదు లీటర్లు ఒకేసారి పోస్తారు. మధ్యాహ్నం నురుగు లేదని ఎవరైనా వాల్వ్ మూసి ఉంటే, రాత్రికి కప్పు పొంగుతుంది. ఎండాకాలంలో వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి కథ ఇదే.

పరిష్కారం ఆటో టాప్-ఆఫ్, అంటే తగ్గిన నీళ్లను తనంతట తానే పోసే పరికరం. అది లేకపోతే పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం పోయండి. సంప్ గాజు మీద మార్కర్‌తో ఒక గీత గీసి, ఇంట్లో ఎవరు పోసినా ఆ గీత దాకానే పోయమని చెప్పండి. పోసేది ఆర్ఓ నీళ్లే కావాలి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అవి ఆవిరికావు, ట్యాంక్‌లో పేరుకుంటూ పోతాయి.

లోతు సరిచూసే పద్ధతి:

☐ రిటర్న్ పంపు నడుస్తుండగా స్కేలుతో లోతు కొలవండి. ఆపి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది.
☐ కంపెనీ చెప్పిన లోతుతో పోల్చండి. చాలా మోడళ్లకు అది 15 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది.
☐ నీళ్లు ఎక్కువ లోతుంటే, ఒకే ఎత్తున కోసిన పీవీసీ ముక్కల మీద స్కిమ్మర్‌ను నిలబెట్టండి.
☐ తక్కువ లోతుంటే అడ్డుగాజు ఎత్తు పెంచాలి. వాల్వ్ మూసి సర్దుకుపోదామని చూడకండి.
☐ స్కిమ్మర్ ఒరగకుండా నిటారుగా ఉందో లేదో చూడండి.
☐ ఉప్పు శాతం చూడండి: 35 పీపీటీ (వెయ్యి వంతుల నీళ్లలో 35 వంతుల ఉప్పు), అంటే సాంద్రత 1.025 నుంచి 1.026.

5. ఇక వాల్వ్: క్రమం తప్పకుండా

మేత వేసిన రెండు మూడు గంటలదాకా మొదలుపెట్టకండి. మేతలోని నూనె వల్ల నురుగు కాసేపు కూలిపోతుంది. అన్నం తిన్న చేత్తో, కొబ్బరినూనె రాసుకున్న చేత్తో సంప్‌లోకి దిగినా ఇదే జరుగుతుంది. మోచేతి దాకా మంచినీళ్లతో కడుక్కుని దిగండి.

మొదటి మెట్టు: కప్పు తీసి, మెడ లోపలి గోడ శుభ్రంగా తుడవండి. మురికి మెడతో ఎంత సెట్ చేసినా లెక్క తప్పుతుంది.

రెండో మెట్టు: వాల్వ్ పూర్తిగా తెరవండి. గాలి పైపుకు కుళాయి ఉంటే అదీ పూర్తిగా తెరవండి. పంపు ఆన్ చేసి పదిహేను నిమిషాలు వదిలేయండి.

మూడో మెట్టు: వాల్వ్‌ను మెల్లగా మూస్తూ లోపలికి చూడండి. కింద భాగమంతా తెల్లగా సుడులు తిరుగుతుంటుంది. దానిపైన ఒకచోట బుడగలు తిరగడం మాని, ఒకదాన్నొకటి ఆనుకుని నెమ్మదిగా పైకి జరుగుతుంటాయి. ఆ మార్పు జరిగే చోటే మనం చూడాల్సిన గీత. టార్చి పక్కనుంచి కొడితే బాగా కనిపిస్తుంది. ఆ గీత మెడ మొదలయ్యే చోటికి, అంటే కప్పు అడుగు స్కిమ్మర్ ఒంటికి కలిసే చోటికి రాగానే ఆపండి.

నాలుగో మెట్టు: వాల్వ్ పిడి ఎక్కడుందో మార్కర్‌తో చుక్క పెట్టండి. ఫోన్‌తో ఫొటో తీయండి.

అయిదో మెట్టు: 24 గంటలు ముట్టుకోవద్దు. అందరూ తప్పేది ఇక్కడే. అరగంటకోసారి వచ్చి కొంచెం తిప్పి వెళ్లేవాళ్లకు స్కిమ్మర్ ఎప్పటికీ కుదరదు. పది నిమిషాల్లో కనిపించేది నీటి మట్టం మార్పు మాత్రమే. నురుగు ఎలా ఉంటుందో తెలియడానికి మెడ గోడకు పల్చటి మురికి పొర పట్టాలి, ఒక రోజు మేత లోపలికి వెళ్లాలి.

ఆరో మెట్టు: మర్నాడు అదే సమయానికి చూడండి. కప్పు ఖాళీగా ఉంటే గీతను రెండు మూడు మిల్లీమీటర్లు పెంచండి, అంతే. కప్పులో నీళ్లలాంటిది నిండి ఉంటే అంతే దించండి. మళ్లీ 24 గంటలు ఆగండి. మూడు నాలుగు రోజుల్లో కుదురుతుంది.

డీసీ పంపు (వేగం మార్చుకోగలిగేది) ఉన్నవాళ్లు ఒక వేగం ఎంచుకుని, దాన్ని అలాగే ఉంచి వాల్వ్‌తో మాత్రమే సర్దండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

6. తడిగా తీయాలా, పొడిగా తీయాలా?

కప్పులో పడినదాని రంగు చూడండి. లేత టీ రంగులో ఉంటే తడి. చిక్కటి డికాషన్ రంగులో, వాసన గుప్పుమంటే పొడి. ఈ రెండిటికీ మధ్యలో, ముదురు టీ రంగులో ఉంచమంటాను.

చేపలు ఎక్కువ ఉండి, మేత ఎక్కువ వేసేవాళ్లకు కొంచెం తడిగా తీస్తే మురికి ఎక్కువ బయటికి పోతుంది. కానీ దానికి ఒక ఖర్చుంది. తడిగా తీసిన లీటరు నీళ్లతో దాదాపు 35 గ్రాముల ఉప్పు కూడా పోతుంది. ఆ లోటును ఆటో టాప్-ఆఫ్ మంచినీళ్లతో పూడ్చేస్తుంది. రోజూ లీటరు పోతుంటే కొన్ని వారాల్లో ట్యాంక్ ఉప్పు శాతం దిగిపోతుంది. తడిగా తీసేవాళ్లు వారానికోసారి రిఫ్రాక్టోమీటర్ పెట్టాల్సిందే.

కప్పు నల్లగా నిండుతోంది కదా అని నీళ్లు మార్చడం మానేసేవాళ్లున్నారు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో స్కిమ్మర్ల మీద చేసిన కొలతల్లో, నీళ్లలో ఉన్న మొత్తం సేంద్రియ కార్బన్‌లో 20 నుంచి 30 శాతం మాత్రమే అవి తీయగలిగాయి. అమ్మోనియా, నైట్రేట్ నేరుగా బయటికి రావు. నీళ్లు మార్చడం మార్చడమే.

7. గాలి వైపు

వాల్వ్ తర్వాత అనుమానించాల్సింది గాలి పైపునే. గాలి లోపలికి వెళ్లే సన్నటి రంధ్రం దగ్గర ఉప్పు గడ్డకడుతుంది. బుడగలు తగ్గుతాయి, పంపు శబ్దం మారుతుంది, లోపలి మట్టం మాత్రం పెరుగుతుంది. చూసేవాళ్లకు అది వాల్వ్ తప్పులా అనిపిస్తుంది. నెలకోసారి, పంపు నడుస్తుండగానే, గాలి పైపు కొసను గోరువెచ్చని ఆర్ఓ నీళ్ల గ్లాసులో క్షణంపాటు ముంచి తీయండి. రెండు మూడుసార్లు అలా పీల్చుకుంటే ఉప్పు కరిగిపోతుంది.

స్కిమ్మర్ గదిలోని గాలిని పగలూ రాత్రీ నీళ్లలోకి కలుపుతుంటుంది. తాలింపు పొగ, అగరబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, గోడలకు వేసే పెయింటు, బొద్దింకల స్ప్రే అన్నీ అలాగే వెళ్తాయి. స్ప్రే కొట్టాల్సి వస్తే ముందు స్కిమ్మర్ ఆపండి, గది గాలి మారాక ఆన్ చేయండి.

ఏప్రిల్, మే నెలల్లో తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుంటాం కదా. ఆ గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, స్కిమ్మర్ ద్వారా నీళ్లలోకి చేరి, పీహెచ్ దిగుతుంది. గాలి పైపును కిటికీలోంచి బయటికి తీసుకెళ్తే చాలామందికి పీహెచ్ లేస్తుంది. బయటి కొసకు స్పాంజి ముక్క పెట్టి, దుమ్ము పట్టినప్పుడల్లా మార్చండి. జనరేటర్ పొగ వచ్చే వైపు, బండరాయి కోత, పాలిష్ జరిగే వైపు మాత్రం పెట్టకండి.

8. కరెంటు పోయి వస్తే

రిటర్న్ పంపు ఆగగానే పై ట్యాంక్ నీళ్లు కొంత కిందికి దిగి, సంప్ మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే రెండు పంపులూ కలిసి మొదలవుతాయి. మట్టం మామూలుకు వచ్చేలోపు ఒకటి రెండు నిమిషాలు స్కిమ్మర్ ఎక్కువ లోతులో ఉంటుంది, కప్పు పొంగడానికి అది చాలు. ఆలస్యంగా ఆన్ అయ్యే టైమర్ సాకెట్ ఒకటి స్కిమ్మర్‌కు పెట్టి, అయిదు నుంచి పది నిమిషాలు ఇవ్వండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. స్కిమ్మర్ ఇన్వర్టర్ మీద, రిటర్న్ పంపు మామూలు లైను మీద ఉంటే, కరెంటు పోయినంతసేపూ పెరిగిన మట్టంలో స్కిమ్మర్ పొంగుతూనే ఉంటుంది. రెండూ ఇన్వర్టర్ మీదైనా ఉండాలి, రెండూ బయటైనా ఉండాలి. ఇన్వర్టర్ చిన్నదైతే ముందు ట్యాంక్‌లో నీళ్లు కదిలించే వేవ్‌మేకర్, రిటర్న్ పంపు. స్కిమ్మర్ కొన్ని గంటలు ఆగినా ఏమీ కాదు.

కరెంటు వచ్చాక బుడగలు సగానికి పడిపోయి, పంపు గరగర అంటుంటే, అరిగిన ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) రివర్స్‌లో తిరుగుతుండొచ్చు. స్విచ్ ఆపి, కొద్ది సెకన్లు ఆగి మళ్లీ వేయండి. పదేపదే అలాగే అవుతుంటే ఇంపెల్లర్ మార్చే సమయం వచ్చినట్టే.

9. లక్షణం చూసి మందు

ఉన్నట్టుండి ఆగకుండా పొంగుతోంది: నిన్న, మొన్న నీళ్లలో ఏం కలిపారో గుర్తు చేసుకోండి. క్లోరిన్ తీసే కండిషనర్లు, పగడాలు అతికించే ఎపాక్సీ, చేపల మందులు, బ్యాక్టీరియా సీసాలు అన్నీ పొంగిస్తాయి. వాల్వ్ పూర్తిగా తెరవండి. అయినా ఆగకపోతే కప్పు తీసేసి, పంపు అలాగే నడపండి. నురుగు తీయకపోయినా నీళ్లకు గాలి అందుతుంది. కొంత నీరు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ (మలినాలను పీల్చే బొగ్గు) పెడితే త్వరగా తగ్గుతుంది.

నురుగు మెడ సగం దాకా వచ్చి ఆగిపోతోంది: మెడ గోడ మురికి చూడండి, తర్వాత గాలి పైపు, తర్వాత పంపు. ఆ మూడూ బాగుంటేనే వాల్వ్.

స్కిమ్మర్ వదిలే నీళ్లలో సన్నటి బుడగలు పై ట్యాంక్ దాకా వస్తున్నాయి: కొత్తదైతే కొన్ని రోజుల్లో తగ్గుతుంది. పాతదైతే బయటికి పోయే గొట్టం కొసను నీటి మట్టం కింద ఉంచి, చుట్టూ స్పాంజి పెట్టండి. వారానికోసారి ఆ స్పాంజి కడగాలి.

రోజంతా బాగుండి, రాత్రి పొంగుతోంది: సాయంత్రం ఒకేసారి పోసిన టాప్-అప్ నీళ్లను అనుమానించండి.

శబ్దం ఎక్కువని రాత్రిళ్లు ఆపేస్తున్నాం: వద్దు. రాత్రి వేళే ట్యాంక్‌లో ఆక్సిజన్ తగ్గుతుంది. స్కిమ్మర్ అడుగున సన్నటి రబ్బరు షీటు వేసి, గాలి పైపుకుండే సైలెన్సర్ కడిగి చూడండి.

10. కడిగే వరస

☐ మెడ, కప్పు: రెండు మూడు రోజులకోసారి, మంచినీళ్లతో మాత్రమే
☐ గాలి పైపు: నెలకోసారి
☐ పంపు, ఇంపెల్లర్: రెండు మూడు నెలలకోసారి, వినిగర్ నీళ్లలో నానబెట్టి

పంపు విప్పినప్పుడు నీడిల్ వీల్ సన్నటి పళ్ల మధ్య తెల్లటి సున్నం పొర కనిపిస్తుంది. దాన్ని చాకుతో గీకకండి, పళ్లు విరుగుతాయి. నానబెట్టి బ్రష్‌తో రుద్దితే ఊడొస్తుంది. బిగించేటప్పుడు రబ్బరు రింగు మర్చిపోతే లీకు ఖాయం. పెద్దగా కడిగాక ఒకటి రెండు రోజులు నురుగు తగ్గడం మామూలే, వాల్వ్ కదపకండి.

11. ఊరెళ్లేటప్పుడు

వెళ్లే ముందురోజు కప్పు, మెడ కడిగి, గీతను నాలుగైదు మిల్లీమీటర్లు దించి పొడిగా పెట్టండి. కప్పుకు డ్రెయిన్ గొట్టం ఉంటే, మూత ఉన్న అయిదు లీటర్ల క్యాన్‌లోకి దించండి. మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉండాలి, లేకపోతే నీళ్లు దిగవు. వెళ్లే రోజు కొత్త మందులూ కొత్త మేతా ఏవీ వేయకండి.

చేపలకు మేత వేయమని పక్కింటివాళ్లకు తాళం ఇస్తే, సంప్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. "కప్పు నిండితే ఈ స్విచ్ ఆపి నాకు ఫోన్ చేయండి. వాల్వ్ తిప్పొద్దు" అని రాసి, ఏ స్విచ్చో దాని మీద ఎర్ర టేపు వేసి వెళ్లండి.